కుక్కరుకున్న జాగ్రత్త మందుల ఫోనుకు వద్దా?

పొద్దున్నే పప్పు కడిగి కుక్కరులో వేసి, మూత పెట్టి, స్టవ్ వెలిగించాక మనం ఎన్ని పనులకు లేస్తామో ఒకసారి లెక్కపెట్టండి. పాలవాడు పిలుస్తాడు. నల్లా వస్తుంది. పిల్లల టిఫిన్ డబ్బా సర్దాలి. ఆయనగారి చొక్కాకు బొత్తాం ఊడి ఉంటుంది. ఈ హడావుడిలో ఎన్ని విజిల్సు వచ్చాయో మర్చిపోతాం. అయినా కుక్కరు పేలదు. ఎందుకని? మనం జాగ్రత్తగా ఉన్నామని కాదు. మనం మర్చిపోతామని దాన్ని తయారుచేసినవాడికి ముందే తెలుసు కనుక!

ఆవిరి ఎక్కువైతే పైనున్న వెయిట్ లేస్తుంది. అక్కడ మెతుకు అడ్డుపడి ఇరుక్కుంటే పక్కనున్న సేఫ్టీ వాల్వు కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. లోపలికి కూర్చునే మూత అయితే, ఆవిరి ఉన్నంతసేపు మనం ఎంత లాగినా ఊడి రాదు. "నువ్వు ఆదమరిచినా నేనున్నాలే" అన్నట్టుంటుంది ఆ వస్తువు.

ఇప్పుడు వంటింట్లోంచి ముందు గదిలోకి రండి. టీవీ పక్కన బి.పి. మిషను ఉంటుంది. దాని పక్కనే షుగరు చూసే మిషను. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు. ఇక ఫోనులో మందుల వేళ గుర్తుచేసే యాప్. ఈ రోజుల్లో పెద్దవాళ్లున్న ఏ ఇంట్లో చూసినా వీటిలో రెండయినా కనిపిస్తాయి. ఇవీ మన చేతుల మీదుగా నడిచేవే. మరి వీటిని తయారుచేసినవాళ్లు కుక్కరు చేసినవాడిలాగా మనల్ని తలుచుకున్నారా? పిండి చేతులు, సగం నిద్ర, చత్వారం కళ్లు వాళ్లకు గుర్తున్నాయా? నాకు ఈ అనుమానం ఊరికే రాలేదు. ఒక రోజంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాక వచ్చింది.

ఆ రోజు మా ఇంట్లో

మాది సుల్తానాబాద్. ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉంది గానీ 2016 వరకు కరీంనగర్ జిల్లానే. ఊరి చుట్టూ రైసు మిల్లులు. మావారు ఒక మిల్లులో లెక్కలు రాస్తారు. నేను ఇంటర్మీడియట్ వరకే చదివాను. మిషన్ల సంగతి తెలిసినదాన్ని కాదు. మా ఇంటి సంగతి మాత్రం తెలుసు.

మా అత్తమ్మకు డెబ్భై దాటాయి. పదేళ్లుగా షుగరు ఉంది. పొద్దున టిఫినుకు ముందు ఒక గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకోవాలి. హైదరాబాదులో ఉండే మా పెద్దబ్బాయి "అమ్మా, నీకు మతిమరుపు ఎక్కువైంది" అని నా ఫోనులో మందుల యాప్ పెట్టి వెళ్లాడు. వేళకు గంట మోగుతుంది. మాత్ర వేసుకున్నాక 'తీసుకున్నాం' అనే చోట నొక్కాలి. నొక్కకపోతే అరగంటకు మళ్లీ మోగుతుంది. అప్పుడు మాత్ర పేరు ఎర్రగా చూపించి 'తీసుకోలేదు' అంటుంది. అప్పటికి ఏడాదిగా వాడుతున్నాం. ఏ ఇబ్బందీ లేదు.

రెండేళ్ల కిందట సంక్రాంతికి మూడు రోజుల ముందు. ఇంట్లో సకినాలు చేస్తున్నాం. మా ఆడబిడ్డ, తోటికోడలు, నేను పాత చీర పరుచుకుని చుట్టూ కూర్చున్నాం. ఎనిమిదింటికి ఫోను మోగింది. నా చేతులకు మోచేతుల దాకా పిండి. "అమ్మలూ, నానమ్మకు గోలి ఇయ్యే" అని మా అమ్మాయికి చెప్పాను. అది ఇచ్చింది. ఫోను మాత్రం ఎవరమూ ముట్టుకోలేదు. మోగి మోగి అదే ఊరుకుంది.

ఎనిమిదిన్నరకు మళ్లీ మోగింది. అప్పటికి నేను చేతులు కడుక్కుని నూనె పెట్టడానికి లేచాను. చూస్తే ఎర్రటి అక్షరాలు. అమ్మాయి మర్చిపోయిందనుకున్నాను. అది అప్పటికే కాలేజీకి వెళ్లిపోయింది. మాత్ర, నీళ్లు తీసుకుని అత్తమ్మ దగ్గరికి వెళ్లాను.

"గిప్పుడే పోరి ఇచ్చింది గాదె బిడ్డా, మల్లెందుకే?" అంది అత్తమ్మ.

"ఇయ్యలేదత్తమ్మా, ఫోన్ల ఎర్రగ చూపిస్తున్నది. నువ్వు నిన్నటిది అనుకుంటున్నవేమో" అన్నాను నేను.

ఆమె ఒక్క క్షణం నా మొహంకేసి చూసింది. తర్వాత "ఏమో తియ్, నాకు యాదికుంటలేదు" అని వేసుకుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె కలుక్కుమంటుంది. ఆమెకు గుర్తుంది. నేనే ఆమె మాట కాదని ఫోను మాట నమ్మాను.

పండుగ పనిలో ఆ పూట టిఫిను కూడా సరిగ్గా తినలేదు ఆమె. పదకొండు గంటలకు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చలికాలంలో నుదురంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే పలుకుతోంది గానీ మాట పొంతన లేదు. షుగరు మిషనుతో చూస్తే 48! డెబ్భైకి తగ్గితేనే ప్రమాదమని డాక్టరుగారు ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. స్పృహలోనే ఉంది కాబట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటకు చూస్తే 66. మళ్లీ తాగించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఈ రకం మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుందట. ఒకసారి తేరుకున్నా షుగరు మళ్లీ పడిపోవచ్చట. అందుకని రాత్రి దాకా ఉంచుకుని గంటగంటకూ చూశారు. దేవుడి దయవల్ల గట్టెక్కింది.

తప్పు ఎవరిది?

ఇంటికొచ్చాక చుట్టాలందరూ నన్ను ఓదార్చారు. "హడావుడిల అట్లయితది వదినా" అంది ఆడబిడ్డ. నేను మాత్రం చాలా నెలలు నన్నే తిట్టుకున్నాను. మనకు అలవాటే కదండీ, ఇంట్లో ఏది జరిగినా తప్పు మనదే అనుకోవడం.

ఒక రోజు కుక్కరు గ్యాస్కెట్టు మారుస్తూ ఉంటే తట్టింది. ఆ ఫోనుకు నిజంగా తెలిసిందేమిటి? ఎవరూ తెర మీద నొక్కలేదు, అంతే. మాత్ర వేసుకున్నదీ లేనిదీ దానికి తెలియదు. తెలియనప్పుడు ఏమనాలి? "నాకు తెలియదమ్మా, ఒకసారి అడిగి చూడు" అనాలి. కానీ అది 'తీసుకోలేదు' అని ఎర్రటి అక్షరాలతో ఖరాఖండిగా చెప్పింది. నొక్కకపోవడం వేరు, మింగకపోవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకున్నవాడు ఎప్పుడూ సకినాలు చుట్టి ఉండడు!

ఆ ఒక్క మాట 'నమోదు కాలేదు, తీసుకున్నారేమో కనుక్కోండి' అని ఉంటే నేను అత్తమ్మను నమ్మేదాన్ని. దాని కింద 'ఈ మాత్ర రెండుసార్లు వేసుకుంటే షుగరు పడిపోతుంది' అని ఒక ముక్క ఉంటే అమ్మాయికి ఫోను చేసి కనుక్కునేదాన్ని. ఈ రెండు ముక్కలూ రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మనింట్లో ఏం జరుగుతుందో ముందు ఊహించుకోవాలి, అంతే.

నా పొరపాటు లేదని అనడం లేదు. మనిషన్నాక పొరపాటు జరుగుతుంది. జరిగిన పొరపాటు ప్రాణం మీదికి రాకుండా ఆపడమే మంచి వస్తువు పని.

పెద్ద మిషన్లూ ఇదే మాట అన్నాయి

ఇది మనలాంటి ఇళ్లలో జరిగే చిన్న సంగతి అనుకున్నాను. మా అబ్బాయిని అడిగి, నేనూ అక్కడా ఇక్కడా చదివితే తెలిసింది, పెద్ద పెద్ద ఆసుపత్రుల్లోనూ సరిగ్గా ఇలాంటివే జరిగాయని.

క్యాన్సరుకు కరెంటు పెట్టడం అంటాం చూడండి, ఆ రేడియేషన్ ఇచ్చే మిషన్లలో 'థెరాక్-25' అని ఒకటి ఉండేది. 1985 నుంచి 1987 లోపు అమెరికా, కెనడాల్లో ఆరుగురికి అది ఇవ్వాల్సినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చేసింది. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అంతకుముందున్న మిషన్లలో మన కుక్కరు మూతలాగా, ఏదైనా తేడా వస్తే కిరణం బయటికి రాకుండా ఆపే విడి అమరికలు ఉండేవి. కొత్త మిషనులో వాటిని తీసేసి, కంప్యూటరు ప్రోగ్రామే చూసుకుంటుందిలే అనుకున్నారు. ఆ ప్రోగ్రాములో తప్పులున్నాయి.

కెనడాలోని హామిల్టన్‌లో 1985 జులైలో ఒకామెకు చికిత్స ఇస్తుంటే మిషను మధ్యలో ఆగి, 'డోసు అందలేదు' అని చూపించింది. నడిపే మనిషి మళ్లీ మీట నొక్కింది. మళ్లీ ఆగింది. మళ్లీ నొక్కింది. అలా నాలుగుసార్లు. ప్రతిసారీ అదే మాట, డోసు అందలేదని. నిజానికి రోగికి అందాల్సినదానికన్నా ఎన్నో రెట్లు అందిపోయింది. ఇది చదువుతుంటే నాకు మా ఫోనులో ఎర్రటి అక్షరాలే కళ్లముందు కదిలాయి. అక్కడా ఆ నడిపే మనిషి తన పని తాను చేసింది. మిషనుకు తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పింది. తేడా అదే.

ఆ మిషను మరికొన్ని చోట్ల 'మాల్‌ఫంక్షన్ 54' అని మాత్రమే చూపించేది. ఆ 54 అంటే ప్రమాదమా, మామూలు చిక్కా, నడిపేవాళ్లకు అర్థమయ్యేలా ఎక్కడా లేదు. మన బి.పి. మిషను మీద ఒక్కోసారి 'ఇ' అక్షరం, పక్కన ఒక అంకె వస్తాయి కదా. మీలో ఎంతమందికి వాటి అర్థం తెలుసు? చెప్పేదేదో అర్థమయ్యే మాటలో చెప్పకపోతే, చెప్పీ చెప్పనట్టే.

ఇంకొకటి, లెక్కల సంగతి. 2006లో కెనడాలోనే ఎడ్మంటన్ నగరంలో ఒక క్యాన్సరు రోగికి పంపు ద్వారా మందు ఎక్కిస్తున్నారు. నాలుగు రోజుల్లో మెల్లగా ఎక్కాల్సిన మందు నాలుగు గంటల్లో ఎక్కిపోయింది. ఆమె బతకలేదు. కారణం? మందు సంచి మీది చీటీలో రెండు అంకెలున్నాయి. రోజుకు 28.8 మిల్లీలీటర్లు, గంటకు 1.2 మిల్లీలీటర్లు. పంపుకు గంట లెక్క చెప్పాలి. రోజు లెక్క చెప్పారు. ఇద్దరు నర్సులు సరిచూసినా ఆ తప్పు దొరకలేదు. గంటకు 28.8 అంటే ఈ మందుకు ఎక్కువ కదా అని పంపు ఎదురు అడగలేదు. చెంచా అనాల్సిన చోట గరిటె అంటే, "అంత ఉప్పా?" అని పక్కింటి పిల్ల కూడా అడుగుతుంది! ప్రాణం పట్టుకున్న మిషను అడగకపోతే ఎలా?

మందుల పొరపాట్లు ప్రపంచమంతటా ఉన్నవే కనుకనే 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'హాని చేయని మందు' అని ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. 2019 నుంచి ఏటా సెప్టెంబరు 17ను రోగుల భద్రత దినంగా జరుపుతున్నారు. 2022లో ఆ దినానికి మందుల భద్రతే విషయం.

మన వాడలో ఎంతమంది రాజవ్వలు?

ఇక మన దగ్గరికి వద్దాం. రోగుల వివరాలన్నీ కంప్యూటరులో ఎక్కించడం మన పక్కనే మొదలైంది. 2022 మార్చి 5న తెలంగాణ ప్రభుత్వం ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ పథకాన్ని ప్రారంభించింది. సిరిసిల్ల కూడా ఒకప్పుడు మన కరీంనగర్ జిల్లాలోదే కదా. పద్దెనిమిదేళ్లు నిండినవారి బి.పి., షుగరు వంటివి ఇంటింటికీ వెళ్లి చూసి నమోదు చేయాలని దాని ఉద్దేశం. అంతకుముందే 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికీ వచ్చింది. దాని కింద ఒక్కొక్కరికి 14 అంకెల 'ఆభా' నంబరు ఇస్తారు. ఏ ఊళ్లో చూపించుకున్నా పాత రిపోర్టులు డాక్టరు ముందుంటాయన్నది ఆలోచన. మంచి ఆలోచనే! పాత చీటీలన్నీ పాలిథిన్ కవరులో వేసుకుని బస్సెక్కే మనకు అంతకంటే ఏం కావాలి?

అయితే ఒక్క సంగతి మీతో చెప్పాలి. మా వాడలోనే ముగ్గురు రాజవ్వలున్నారు, ఇద్దరు లచ్చవ్వలున్నారు. మల్లయ్యల సంగతి లెక్కే లేదు. ఇంటిపేర్లూ కలుస్తాయి. పేరుతో తేల్చలేకపోతే పుట్టిన తేదీ చూస్తారు. మన పెద్దవాళ్లలో పుట్టిన తేదీ తెలిసినవాళ్లెంతమంది? చాలామంది ఆధారు కార్డుల్లో జనవరి 1 అనే ఉంటుంది. మా అత్తమ్మదీ అంతే. అసలు ఆమె పుట్టింది బతుకమ్మ పండుగ రోజుల్లో అని వాళ్లమ్మ చెప్పేదట. ఒకే పేరు, ఒకే తేదీ ఉన్న ఇద్దరు ముసలమ్మలు ఒకే ఆసుపత్రికి వస్తే? ఒకరికి పడని మందు ఇంకొకరి పేజీలో రాస్తే?

ఎక్కడో అలా జరిగిందని నేను చెప్పడం లేదు. జరగకముందే ఆలోచించమంటున్నాను. పేరు, తేదీతో పాటు ఫొటో, భర్త పేరు లేదా తండ్రి పేరు, వాడ పేరు తెర మీద కనిపించాలి. అదే పేరున్నవాళ్లు ఇంకా ఉంటే 'జాగ్రత్త, ఈ పేరుతో మరో ఇద్దరున్నారు' అని అదే హెచ్చరించాలి. మన ఊళ్లో పోస్టుమ్యాన్ చేసే పని అదే. "ఏ రాజవ్వ? బాయికాడి రాజవ్వా, మిల్లుకాడి రాజవ్వా?" అని అడిగి గానీ ఉత్తరం ఇవ్వడు. ఆ ప్రశ్న కంప్యూటరుకు నేర్పాలి.

ఇంకో పాఠం ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లాలో దొరికింది. అక్కడ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ వాళ్లు 'స్మార్ట్‌హెల్త్' అని ఒక ప్రయత్నం చేశారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. గుండెజబ్బు ముప్పు ఎవరికుందో వాళ్లు ఇంటి దగ్గరే చూసి చెప్పేవారు. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాల్లో జరిగింది. ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. బి.పి. అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని వాళ్లే నిజాయితీగా రాశారు. నాకు అందులో అర్థమైందేమిటంటే, 'మీకు ముప్పుంది' అని తెర చెప్పగానే బి.పి. తగ్గదు. ఆ మాట వెనక డాక్టరుండాలి, మందు దొరకాలి, వేసుకుంటున్నారా లేదా అని మళ్లీ పలకరించే మనిషుండాలి. వంటల పుస్తకం కొన్నంత మాత్రాన కడుపు నిండదు కదా!

అంకె ఒకటే, అర్థాలు వేరు

మిషను అంకె చూపించగానే మనం నమ్మేస్తాం. ఆ అంకె ఏ కొలతలో ఉందో ఎప్పుడైనా చూశారా? మన దేశంలో షుగరును డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని చెబుతారు. ఇంగ్లండులో మిల్లీమోల్ అనే మరో లెక్క. మన 126 వాళ్లకు 7. లండను నుంచి చుట్టాలు ప్రేమగా తెచ్చిన మిషను 7 చూపిస్తే, షుగరు పూర్తిగా పడిపోయిందని కంగారుపడి చక్కెర తినిపించేవాళ్లుంటారు. కిందపడినా, తేదీ సరిచేయబోయినా దానంతట అదే ఒక లెక్కలోంచి మరో లెక్కలోకి మారిపోయే మిషన్ల గురించి 2005లో అమెరికాలో హెచ్చరిక చేయాల్సి వచ్చింది. కొలత మార్చే వీలు వాడేవాళ్ల చేతికి అందకుండా ముందే కట్టేసి ఉంటే ఆ బాధే లేదు.

కరోనా కాలంలో మనందరం వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు సంగతీ వినండి. 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ఒక పరిశీలన అచ్చువేశారు. రక్తంలో ప్రాణవాయువు నిజంగా తగ్గినా మిషను బాగానే ఉందని చూపించిన సందర్భాలు తెల్లవారిలోకన్నా నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఉన్నాయట. చర్మం రంగు ముదురైతే ఆ వెలుగు లెక్క తప్పుతోందన్నమాట. మరి మిషన్లు ఎవరి వేళ్లమీద పరీక్షిస్తున్నారు? పొలంలో ఎండకు నల్లబడ్డ మన వేళ్లమీద పరీక్షించారా? అడగాల్సిన ప్రశ్నే. ఊపిరి ఆడక ఆయాసపడుతున్న మనిషిని చూస్తూ 'మిషను 96 అంటోంది' అని ఊరుకోకండి. గోళ్లరంగు ఉన్నా ఆ లెక్క తేడా వస్తుంది.

మంచి ఏర్పాటు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. మన దగ్గర దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటి సిరంజికి ఎర్రటి మూత. వంద యూనిట్ల ఇన్సులిన్ సిరంజికి నారింజరంగు మూత. వంద యూనిట్ల మందును ఎర్రమూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు ఎక్కువైపోతుంది. చదువు రాని చెయ్యి కూడా గుర్తుపట్టేలా రంగు కాపలా పెట్టారు. ఫోనులో వచ్చే మందుల యాప్‌లకూ ఇలాంటి కాపలా కావాలి. ఇంగ్లీషు చదివేవాళ్లకే అర్థమయ్యే హెచ్చరిక మన అత్తలకు, అమ్మలకు హెచ్చరికే కాదు. తెలుగులో, గొంతుతో, 'అవ్వా, గోలి వేసుకున్నవా?' అని అడిగితే ఎంత బాగుంటుంది!

చట్టం ఉంది, చెప్పే చోటూ ఉంది

మన దేశంలో వైద్య పరికరాలకు 2017లో నిబంధనలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని వైద్య పరికరాలనూ మందుల చట్టం పరిధిలోకి తెచ్చారు. రోగాన్ని కనిపెట్టడానికి, చికిత్సకు వాడే సాఫ్ట్‌వేరు కూడా అందులోకి వస్తుంది. పరికరం వల్ల హాని జరిగితే నమోదు చేసుకునేందుకు 2015 నుంచి 'మెటీరియోవిజిలెన్స్' అనే జాతీయ కార్యక్రమం నడుస్తోంది. పేరు నోరు తిరగనిదే గానీ పని మనదే. 1800-180-3024 నంబరుకు పనిదినాల్లో ఉచితంగా ఫోను చేసి చెప్పవచ్చు. మనం "పోనీలే, గండం గడిచింది" అని ఊరుకుంటే, అదే గండం రేపు ఇంకో ఇంటి తలుపు తడుతుంది. నేనూ మా యాప్ తయారుచేసినవాళ్లకు ఉత్తరం రాయించాను. జవాబు ఇంకా రాలేదు. మళ్లీ రాస్తాను.

అందాకా మన జాగ్రత్త మనది. నేను నేర్చుకున్నవి ఇవి:

* మాత్ర వేసుకున్నారో లేదో అనుమానం వస్తే రెండోది ఇవ్వకండి. ముందు మనిషిని అడగండి, మాత్రల షీటు లెక్కపెట్టండి, అప్పటికీ తేలకపోతే డాక్టరును అడగండి.

* ఇంట్లో మందులిచ్చే చెయ్యి ఒకటే ఉండాలి. ఆ పూట ఇంకొకరు ఇస్తే నోటితో చెప్పాలి, రాసి పెట్టాలి.

* మిషను కొనేటప్పుడు కొలత ఏదో, తెలుగులో వాడే విధానం ఉందో లేదో, తప్పు చూపిస్తే ఎవరికి చెప్పాలో దుకాణంలోనే అడగండి.

* షుగరు చూసేముందు చేతులు కడిగి తుడవండి. పండు కోసిన వేలితో చూస్తే లేని షుగరు కనిపిస్తుంది.

* బి.పి. చూసేముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. ఇంట్లో ఇద్దరు వాడే మిషనైతే ఎవరి లెక్క ఎవరి పేరు కింద పడుతోందో చూసుకోండి.

* ఆసుపత్రిలో తెర మీద ఉన్నది మీవాళ్ల వివరాలేనా అని అడగడానికి మొహమాటపడకండి. పేరుతో పాటు భర్త పేరు, ఊరు చెప్పించుకోండి.

* షుగరు పడిపోయిన మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లు ఇవ్వండి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి.

బోర్లించిన గిన్నె

ఆ సంక్రాంతి తర్వాత మా అత్తమ్మ తనే ఒక ఉపాయం చెప్పింది. దేవుడి గూటి పక్కన ఒక చిన్న ఇత్తడి గిన్నె పెట్టించింది. రాత్రి పడుకునేముందు మరుసటి పొద్దుటి మాత్ర షీటు మీదనే ఉంచి, ఆ ఒక్క ముక్క కత్తిరించి అందులో వేస్తాను. పొద్దున వేసుకోగానే ఆమె గిన్నె బోర్లిస్తుంది. గిన్నె వెల్లకిలా ఉంటే వేసుకోవాలి. బోర్లించి ఉంటే అయిపోయింది. చదువు రానివాళ్లకూ తెలుస్తుంది, కరెంటు పోయినా తెలుస్తుంది.

యాప్ తీసేయలేదండీ. వేళ గుర్తుచేయడానికి అది మంచిదే. గంట మోగగానే నేను వంటింట్లోంచి "అత్తమ్మా!" అంటాను. ఆమె గిన్నెకేసి చూపించి "బోర్లేసిన తియ్" అంటుంది. ఫోను ఎర్రగా చూపించినా పచ్చగా చూపించినా, ఆమె మాట విన్నాకే నేను నొక్కుతాను.

చదువు రాని మా అత్తమ్మ ఒక ఇత్తడి గిన్నెతో చేసిన ఏర్పాటు, అంత చదువుకున్నవాళ్లు తయారుచేసిన యాప్‌లో ఎందుకు లేదు? వాళ్లొక పూట మన వంటింట్లో వచ్చి కూర్చుంటే ఉండేది. మీ ఇంట్లోనూ కంప్యూటరు చదివిన కొడుకో కూతురో, అల్లుడో ఉండే ఉంటారు. ఈసారి పండక్కి వచ్చినప్పుడు సకినాలు పెడుతూ వాళ్లకు ఈ మాట చెప్పండి. రేపటి మిషన్లు చేసేది వాళ్లే కదా!